తప్పు రోడ్డుదేనా?

మా మఠంపల్లి ప్రాంతమంతా సున్నపురాయి నేల. ఆ రాయి చలవవల్ల సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. వాటి వెంట లారీలు వచ్చాయి. లారీల వెంట గోతులు వచ్చాయి. అందుచేత కారులో కూర్చున్నవాడి తల కప్పుకు తగిలితే రోడ్డును తిట్టడం మాకు ఆచారం. ఆ ఆచారాన్ని నేనూ రెండేళ్ళపాటు నిష్ఠగా పాటించాను.

నా కారు 2003 నాటి మారుతి జెన్. ఒకప్పుడది కుర్రకారు కలల బండి. చిన్న ఒళ్ళు, చురుకైన ఇంజను. మలుపులో చేపపిల్లలా తిరిగేది. ర్యాలీ పందాలలో కూడా దాన్ని పరుగెత్తించారు. ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఒకరు వాడిన బండినే మురిసిపోతూ కొనుక్కున్నాను. ఇప్పుడు నాకు నలభై అయిదు దాటాయి, దానికి ఇరవై దాటాయి. ఇద్దరికీ నడుము అంతంత మాత్రమే.

"ఈ కారు కన్నా మీ తాత ఎడ్లబండి నయం నాయనా" అనేది మా అమ్మ. మట్టపల్లి నరసింహస్వామి దర్శనానికి వెళ్ళివస్తే రెండు రోజులు మంచం దిగేది కాదు. "రోడ్డు అలా ఉందమ్మా" అనేవాణ్ణి.

ఒకనాటి సాయంత్రం హుజూర్‌నగర్ నుంచి వస్తూండగా, మలుపులో ఒక పిల్లవాడు సైకిలు మీద అడ్డం వచ్చాడు. బ్రేకు తొక్కాను. బండి ముక్కు నేలకు వంగింది. చక్రాలు గోతుల మీద ఎగిరెగిరి పడుతున్నాయే గాని నేలను పట్టుకోవడం లేదు. చివరకు ఆగింది, సైకిలుకు జానెడు దూరంలో. వాడు వెనక్కి తిరిగి నవ్వి వెళ్ళిపోయాడు. స్టీరింగు మీద నా చేతులు మాత్రం చాలాసేపు వణికాయి. వేగం ఎక్కువేమీ కాదు. బ్రేకులు నెల కిందటే బాగుచేయించాను. మరి బండి ఎందుకు ఆగలేదు?

మర్నాడు కోదాడలో మెకానిక్కు దగ్గరకు వెళ్ళాను. అతను ఇంజను మూత ఎత్తనైనా లేదు. బండి ముందు మూల మీద చేతులు ఆనించి, గట్టిగా నొక్కి వదిలాడు. బండి నాలుగుసార్లు ఊగింది.

"చూసిండ్రా సార్? ఒక్కసారి లేచి నిలబడాలె. ఇది ఉయ్యాల ఊగుతోంది. షాకప్పులు పోయినయ్."

చక్రం వెనక గొట్టం మీద నూనె కారి దుమ్ము పేరుకొని ఉంది. టైరు అక్కడక్కడ గుంటలు పడి అరిగింది.

సవర్ణదీర్ఘం తప్ప వేరే సంధి ఎరుగని నాకు ఆనాడు తెలిసింది ఇది. బరువు మోసేది స్ప్రింగు. ఎంత నొక్కితే అంత బలంగా తిరగబడడం దాని గుణం. రాబర్టు హుక్ 1678లోనే ఆ సూత్రం ప్రకటించాడట. కాని తిరగబడ్డ స్ప్రింగు తనంతట తాను ఊరుకోదు, ఊగుతూనే ఉంటుంది. దాన్ని ఊరుకోబెట్టేది షాకప్పు. లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా తోసుకుపోతూ, ఆ ఊపును వేడిగా మార్చి అణచివేస్తుంది. నూనె కారిపోతే ఊపుకు అదుపు లేదు. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది. బండిని ఆపవలసింది నేలను పట్టుకున్న టైరు. చక్రం గాలిలో ఉన్న క్షణాన బ్రేకు తొక్కినా దండుగే.

"సరే, నూనె కారుతున్నది ఒక్కటే మార్చు" అని బేరం పెట్టాను.

"ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి పాత చెప్పు ఏసుకొని కాలేజీకి పోతరా సార్?" అన్నాడతను.

స్ప్రింగులూ అలిసిపోయాయి. కొత్తదాని పక్కన నిలబెడితే పాతది వేలెడు పొట్టి. మా అబ్బాయి మాత్రం, కొత్త స్ప్రింగులకు ఒక్కో చుట్టు కోయిస్తే బండి నేలబారుగా రేసుకారులా ఉంటుందన్నాడు. "కోస్తే బండి దిగుతది బాబూ, దాంతో గోతిలో అడుగు కూడా కొట్టుకుంటది" అని మెకానిక్కు వాడి నోరు మూయించాడు.

ముందు చక్రాల దగ్గర స్ప్రింగూ షాకప్పూ ఒకే కంబంగా అమరి ఉంటాయి. ఆ కంబాన్ని బయటికి తీసి, స్ప్రింగును బిగింపు మరలతో నొక్కిపట్టాకనే పై నట్టు విప్పాడు. నొక్కిపట్టకుండా విప్పితే ఆ స్ప్రింగు ఎగిరి ప్రాణమే తీయవచ్చు. తగిన పనిముట్లు లేకుండా పెరట్లో చేసుకోదగ్గ పని కాదు. పాత రబ్బర్లు తీసేసి కొత్తవి వేసి, నాలుగు మూలలా పని ముగించి, చివర చక్రాల అలైన్‌మెంటు సరిచూశాడు. ఖర్చు మా ఇంటి రెండు నెలల వెచ్చాలంత అయింది.

మీ ఇంట్లోనూ పాత కారుంటే, ఈ ఆదివారం దాన్ని ఒక్కొక్క మూలా నొక్కి చూడండి. కానీ ఖర్చు లేదు.

తిరుగుదారిలో అదే మలుపు దగ్గర, ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకొని, బ్రేకు తొక్కాను. ముక్కు కాస్త వంగింది, లేచింది, బండి నిలబడింది.

ఆ శనివారం అమ్మను మట్టపల్లి తీసుకువెళ్ళాను. గోతులన్నీ యథాస్థానంలోనే ఉన్నాయి. సగం దారిలో అమ్మ, "రోడ్డు ఎప్పుడేశారు నాయనా?" అని అడిగింది. "ఈ మధ్యనే అమ్మా" అందామని నోటిదాకా వచ్చింది. కాని ఎదురుగా ఆ మలుపు కనిపించింది. పిల్లవాడి నవ్వు గుర్తుకొచ్చింది. బండి ఓ పక్కన ఆపి, రెండేళ్ళుగా నేను చేసిన నిర్లక్ష్యమంతా అమ్మకు చెప్పేశాను.