వైద్య హామీకి నిధి రూపం: భరోసా ఎంత, భారం ఎవరిది?

ఉద్యోగి విశ్రాంత జీవితంలో వైద్య ఖర్చులు భరిస్తామని కంపెనీ ఇచ్చే మాట, ఆ కంపెనీ నిలిచి ఉన్నంత కాలమే చెల్లుతుంది. సంస్థ దివాలా తీస్తే పింఛనుదారు చేతిలో మిగిలేది మాట ఒక్కటే. ఈ ముప్పుకు అమెరికాలో దొరికిన పరిష్కారాలలో ఒకటి, ఉద్యోగుల స్వచ్ఛంద లబ్ధిదారుల సంఘం. దీనినే సంక్షిప్తంగా ‘వీబా’ అంటారు.

యజమాని ఇచ్చే సొమ్ముతో ఏర్పడే ఈ ట్రస్టుకు అమెరికా చట్టం 1928లోనే పన్ను మినహాయింపు కల్పించింది. నేటి పన్ను స్మృతిలో 501(సి)(9) సెక్షన్ దీనికి వర్తిస్తుంది. యజమాని జమచేసే మొత్తాన్ని నిర్ణీత పరిమితుల మేరకు వ్యాపార వ్యయంగా చూపుకోవచ్చు. నిధిపై వచ్చే రాబడికి షరతులకు లోబడి పన్ను ఉండదు. ఉద్యోగికి అందే వైద్య ఖర్చుల చెల్లింపు కూడా సాధారణంగా పన్ను పరిధిలోకి రాదు. అన్నింటికంటే ముఖ్యం, ఒకసారి ట్రస్టులో చేరిన సొమ్ము తిరిగి యజమాని ఖజానాకు మళ్లకూడదు. ఈ వెసులుబాటు పన్ను ఎగవేతకు దారి కాకుండా 1984లో మినహాయింపులపై పరిమితులు విధించారు.

డెట్రాయిట్ పాఠం

ఈ విధానానికి అతిపెద్ద పరీక్ష మోటారు వాహనాల పరిశ్రమలో ఎదురైంది. 2007లో జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ కంపెనీలు యునైటెడ్ ఆటో వర్కర్స్ సంఘంతో ఒప్పందాలు చేసుకుని, విశ్రాంత కార్మికుల వైద్య బాధ్యతను ట్రస్టుకు అప్పగించడానికి అంగీకరించాయి. ఒక్క జనరల్ మోటార్స్ విషయంలోనే ఈ బాధ్యత విలువ సుమారు 4,700 కోట్ల డాలర్లు. ఖాతా పుస్తకాలను కుంగదీస్తున్న ఆ భారం కంపెనీల భుజాల మీద నుంచి దిగింది. కార్మికులకు తమ పేరిట విడిగా ఒక నిధి దక్కింది.

అంతలోనే 2009 సంక్షోభం వచ్చింది. జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా రక్షణ కోరాయి. రావలసిన నగదులో పెద్ద భాగానికి బదులుగా ట్రస్టుకు కంపెనీల వాటాలు, రుణపత్రాలు దక్కాయి. కొత్త జనరల్ మోటార్స్‌లో 17.5 శాతం, క్రైస్లర్‌లో 55 శాతం వాటా వచ్చింది. విశ్రాంత కార్మికులు దంత, కంటి వైద్య సౌకర్యాలను కోల్పోయారు. 2010 జనవరి 1న ట్రస్టు పూర్తిస్థాయిలో బాధ్యతలు చేపట్టింది. తర్వాత పరిశ్రమ కోలుకోవడం దానికి కలిసివచ్చింది. 2014లో ట్రస్టు చేతిలో మిగిలిన క్రైస్లర్ వాటాలను ఫియట్ సుమారు 435 కోట్ల డాలర్ల ఒప్పందంతో సొంతం చేసుకుంది.

కానీ అన్నిచోట్లా కథ ఇలా ముగియలేదు. క్యాటర్‌పిల్లర్ సంస్థలో 1998 ఒప్పందంతో ఏర్పడిన నిధి కొన్నేళ్లకే అడుగంటింది. అప్పటి నుంచి వైద్య వ్యయంలో భారం విశ్రాంత కార్మికుల మీద పడింది.

నష్టభయం ఎటు మారింది?

ఈ రెండు అనుభవాలు చెప్పేది ఒక్కటే. ట్రస్టు కంపెనీ దివాలా ముప్పును తగ్గిస్తుంది. వైద్య ధరల పెరుగుదల, పెట్టుబడి నష్టాల ముప్పును మాత్రం లబ్ధిదారుల మీదికి మళ్లిస్తుంది. నిధి తరిగితే సౌకర్యాలు కుదించే అధికారం ట్రస్టీలదే. అమెరికాలో ప్రభుత్వ మెడికేర్ సాధారణంగా 65 ఏళ్లకు గానీ అందదు కనుక, అంతకుముందే విరమించే వారికి ఇది మరింత కీలకం.

భారత్‌లో ఈ నమూనాకు దగ్గరి పోలికలు ప్రభుత్వ రంగ సంస్థల్లో కనిపిస్తాయి. 2008 నాటి మార్గదర్శకాల ప్రకారం మూల వేతనం, కరవు భత్యం మొత్తంలో 30 శాతం వరకు భవిష్యనిధి, గ్రాట్యుటీ, పింఛను, విరమణానంతర వైద్య సౌకర్యాలకు కేటాయించవచ్చు. ఇక ఈఎస్ఐ పరిధిలో కనీసం ఐదేళ్లు బీమా పొంది పదవీ విరమణ చేసినవారు ఏడాదికి రూ.120 చెల్లించి వైద్యం పొందే వీలుంది. ఈ రెండింటికీ వెలుపల ఉన్న ప్రైవేటు ఉద్యోగికి సాధారణంగా ఉద్యోగంతోపాటే సంస్థ తీసిన సామూహిక బీమా రక్షణ కూడా ముగుస్తుంది. వయసు మీరాక కొత్తగా పాలసీ తీసుకోవాలంటే ప్రీమియం తడిసి మోపెడవుతుంది.

అందువల్ల ఇలాంటి నిధిని ఇక్కడ విస్తరించాలనుకుంటే పన్ను రాయితీ ఒక్కటే చాలదు. నిధి పరిమాణం వైద్య ధరలకు తగ్గట్టు ఉందా, ట్రస్టీల్లో లబ్ధిదారుల ప్రతినిధులు ఉన్నారా, సొమ్ము యజమాని షేర్లలోనే చిక్కుకుందా అన్న మూడు ప్రశ్నలకు ముందే సమాధానం ఉండాలి. లేకుంటే ఆ హామీ విలువ ఎంతో తెలిసేసరికి, దానిని నమ్ముకున్న వారికి మళ్లీ సంపాదించుకునే వయసు ఉండదు.