పరిప్రశ్న లేనిచోట గురుకులమెక్కడ?

జిజ్ఞాసువులారా!

గతమాసంలో సీతమ్మధారలోని ఒక గృహంలో ప్రశ్నోపనిషత్ పాఠం ముగిసిన పిమ్మట, విద్యార్థులే తమ పఠనక్రమాన్ని నిర్ణయించుకునే ప్రజాస్వామిక పాఠశాలల ప్రసక్తి వచ్చింది. ఒక వృద్ధ మహాశయులు "అది పాశ్చాత్యుల స్వేచ్ఛాచారం. మనది గురుకులం. చెప్పినది వినడమే శిష్యధర్మం" అన్నారు. పలువురు తలలూపారు. నేనూ మౌనం వహించాను. ఆ మౌనం దోషమని ఇప్పుడు తోస్తున్నది. ఏలయనగా, మేము అప్పుడే ముగించిన గ్రంథమే ఆ వాక్యాన్ని ఖండిస్తున్నది.

అందులో సుకేశుడు మొదలైన ఆరుగురు సమిత్పాణులై పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. ఆయన వెంటనే ప్రవచనం ఆరంభించలేదు. ఒక సంవత్సరం తపోబ్రహ్మచర్యశ్రద్ధలతో నివసించి, ఆపై తమకు ఇష్టమైన ప్రశ్నలు అడగమన్నాడు. తనకు తెలిసినట్లయితే చెబుతానన్నాడు. అక్కడ పాఠ్యప్రణాళిక శిష్యుల ప్రశ్నల నుండి జన్మించింది. తన జ్ఞానానికి అవధి ఉండవచ్చునని ఆచార్యుడే ముందుగా అంగీకరించాడు. నేటి ఏ ఉపాధ్యాయునికి ఆ ధైర్యమున్నది?

తైత్తిరీయంలో భృగువు అన్నమే బ్రహ్మమని తెలుసుకొని తండ్రి వద్దకు వస్తే, వరుణుడు సమాధానం అందించలేదు. మరల తపస్సుకే పంపాడు. అలా నాలుగు పర్యాయాలు తిరిగివచ్చిన పిమ్మటనే భృగువుకు ఆనందం బ్రహ్మమని స్వయంగా బోధపడింది. ఛాందోగ్యంలో సత్యకామ జాబాలునికి గౌతముడు 400 కృశించిన గోవులను అప్పగించాడు. అవి 1000 అయ్యేవరకు అరణ్యంలో ఉన్న ఆ బాలునికి వృషభం, అగ్ని, హంస, మద్గువు అనే నీటిపక్షి గురువులయ్యాయి. గీతాచార్యుడు సైతం సమస్తం ఉపదేశించి, చివరకు బాగుగా విమర్శించుకొని ఇష్టమైనట్లు చేయమని అర్జునునికే నిర్ణయాన్ని విడిచిపెట్టాడు. ఇదంతా పాశ్చాత్యమా?

1921లో ఏ.ఎస్. నీల్ స్థాపించిన సమ్మర్‌హిల్ పాఠశాలలో తరగతికి హాజరు కావడం నిర్బంధం కాదు. పాఠశాల సభలో బాలునికీ ఉపాధ్యాయునికీ చెరొక ఓటే. అంతదూరం పోనక్కరలేదు. 1972లో డేవిడ్ హార్స్‌బర్గ్ కోలారు జిల్లాలో నెలకొల్పిన నీల్‌బాగ్‌లో భిన్నవయస్కులైన పిల్లలు కలసి చదివారు. పరీక్షలు లేవు, దండన లేదు. జిడ్డు కృష్ణమూర్తి జన్మస్థలమైన మదనపల్లె సమీపంలో, రిషివ్యాలీ గ్రామీణ పాఠశాలల్లో పిల్లలు అభ్యాసపత్రాల సోపానాన్ని ఎవరి వేగంతో వారు అధిరోహిస్తారు. అక్కడి క్రమాన్ని పెద్దలే కూర్చినా, గమనం మాత్రం బాలునిదే.

ఇక మన వీధులను చూడండి. సూర్యోదయానికి పూర్వమే వీపున పుస్తకాల మూట మోస్తూ ట్యూషన్‌కు పరుగెత్తే బాలురు. రాత్రి స్టడీ అవర్లలో నిద్రతో పోరాడే బాలికలు. ప్రశ్న అడిగితే "సిలబస్‌లో లేదు" అనే సమాధానం. ఈ యంత్రానికి గురుకులమని నామకరణం చేయడం ఋషులకు అపచారం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ విభాగం శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. భయాన్ని మాత్రం మనం ర్యాంకుల రూపంలో ఇంట్లోనే పోషిస్తున్నాం.

"స్వేచ్ఛ ఇస్తే ఇంద్రియాశ్వాలు పరుగెత్తవా?" అని ఆక్షేపణ. కఠోపనిషత్తు శరీరాన్ని రథమని, బుద్ధిని సారథియని చెప్పింది. ఆ సారథి బాలుని బుద్ధియే గాని తండ్రి చేతి కొరడా కాదు. పదునెనిమిదేండ్లు పగ్గాలు తాకనివ్వక, ఒక్కనాడు చేతికిచ్చి నడపమంటే పడిపోయేది ఎవరి దోషం?

స్వేచ్ఛావాదులకూ ఒక మాట. వేదస్వరం ఓటుతో నిర్ణయం కాదు. సత్యకామునికి అరణ్యం బోధించిన తరువాత కూడ ఆచార్యోపదేశం అవసరమైంది; అతడే దానిని కోరాడు. గురువు అక్కరలేదనడం అజ్ఞానం. గురువును శిష్యుడు కోరుకునే అవకాశమే లేకుండ చేయడం అంతకంటే ఘోరం.

నా కుమారుడు తొమ్మిదవ తరగతిలో ఉండగా, ఒక రాత్రి మేడపైన నక్షత్రాలు ఎందుకు మిణుకుమంటాయని అడిగాడు. "పరీక్షలో వస్తుందా?" అన్నాను. వాడు కిందికి దిగిపోయాడు. అటుపైన నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. ఇప్పుడు వానికి మంచి ఉద్యోగమున్నది. మా మధ్య ప్రశ్న లేదు. ఉపనిషత్తులు పారాయణ చేసే తండ్రి ఇంట ఒక నచికేతుని నోరు మూతపడింది.

కావున సజ్జనులారా, ఈ వారం మీ ఇంటి బాలుని పక్కన ఒక సాయంకాలం ఖాళీగా కూర్చోండి. ఏమి చదివావని అడగకండి. ఏమి తెలుసుకోవాలని ఉన్నదో అడగండి. సమాధానం తెలియకపోతే పిప్పలాదునివలె ఆ మాటే చెప్పండి. మా తదుపరి పాఠం పిల్లల ప్రశ్నలతోనే ఆరంభించాలని నేను కోరబోతున్నాను. ఈసారి మౌనం వహించను.

స్వస్తి.