ఇటలీవారి సాయంకాలపు నడకయు, మన మిరపకల్లమును

ఇటలీ దేశపు పట్టణములలో సాయంకాలము ఆరు గంటలు దాటిన పిమ్మట ఒక విధమైన నడక జరుగుచుండును. పదిపండ్రెండుగురు యాత్రికులు ఒక మార్గదర్శి వెంట బయలుదేఱి, రెండు మూడు గంటలకాలము వీధులవెంట తిరుగుచు, మూడు నాలుగు అంగళ్ళ యొద్ద నిలిచి, నిలిచినచోట నెల్ల ఒక చిన్న గ్లాసెడు చేదుపానీయమును, ఒక చిన్న పళ్ళెమునందలి చిరుతిండిని రుచిచూతురు. ఇది భోజనము గాదు. భోజనమునకు ముందు ఆకలిని మేల్కొల్పు ఉపచారము. దీనిని వారు 'అపెరితీవో' యందురు. తెఱచుట యను అర్థముగల లాటిను ధాతువునుండి యీ మాట పుట్టినది. ఆకలిని తెఱచునది యని దాని తాత్పర్యము. రుసుము చెల్లించి యీ నడకకు పోవువారిలో నేడు విదేశయాత్ర చేయు మన తెలుగు యువతీయువకులును కలరు.

వరియు, ప్రత్తియు, మిరపయు పండించుకొను నకరికల్లు రైతుకు ఇటలీవారి సాయంకాలపు పానీయముతో నేమి పని యని సభ్యులు అడుగవచ్చును. పని కలదనియే మా యభిప్రాయము. ఆ నడకలో ముఖ్యముగా అమ్ముడుపోవునది పానీయము గాదు, పొలముయొక్క పేరు. మనకు పొలమున్నది, పంటయున్నది. పేరు మాత్రము టిక్కీలోని కాయతోపాటు కట్టువడి, యార్డు దాటినంతనే మాసిపోవుచున్నది. ఈ తారతమ్యమును సభ్యుల ముందుంచుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట ఆ పానీయముల పుట్టుక నెఱుగుట మంచిది. ట్యూరిన్ నగరమున 1786లో ఆంతోనియో బెనెదెత్తో కార్పానో అనునతడు ద్రాక్షసారాయమున మూలికలను నానవేసి 'వెర్మూత్' అను పానీయమును అమ్మకమునకు పెట్టెను. ఆ పేరు ఒక చేదుమొక్కకు జర్మనులు పెట్టుకొన్న పేరు. ఆ మొక్క మనము వినాయకచవితినాడు పూజచేయు మాచిపత్రికి దగ్గఱి బంధువు. 1860లో నొవారా పట్టణమున గాస్పరే కంపారి ఎఱ్ఱని చేదుపానీయ మొకటి సిద్ధపఱచెను. 1919లో పాదువా పట్టణమున బర్బియేరి సోదరులు నారింజవన్నెగల 'అపెరోల్'ను వెలువరించిరి. ఈ పానీయము లన్నిటికిని ప్రాణము చేదే. ఆకు, వేరు, బెరడు, నారింజతొక్క మొదలగు వస్తువులనుండి ఆ చేదును తీయుదురు. మనము పెరటిలో పాఱవేయు తొక్కకు సయితము వారు వెలకట్టగలిగిరని గమనింపవలయును.

నడక యనునదియు వారు నిన్న మొన్న కల్పించినది గాదు. వెనీసు నగరవాసులు సాయంకాలమున ఒక చిన్న అంగడినుండి మఱియొక చిన్న అంగడికి పోవుచు, ఒక్కొక్కచోట చిన్న గ్లాసెడు ద్రాక్షసారాయమును, రొట్టెముక్కపై చేపనో కూరనో పెట్టిన చిరుతిండిని పుచ్చుకొనుట పూర్వాచారము. ఆ చిన్న గ్లాసును వారు 'నీడ' యను నర్థముగల మాటతో పిలుతురు. పెద్ద గంటగోపురము నీడ జరిగినకొలది సారాయము నమ్మువారును తమ బల్లలను జరుపుకొనుచుండిరట. అందుచేత నాపేరు వచ్చినదని యొక కథ చెప్పుదురు. ఊరివారి యలవాటునకే మార్గదర్శి యొకడు తోడయి, అది అతిథులకు రుసుముపై చూపదగిన వస్తువాయెను. క్రొత్తగా కట్టిన భవనము లేదు, తెచ్చిన యంత్రము లేదు. ఉన్నదానిని వివరించి చెప్పు నోరు మాత్రము చేరినది.

ఆ మార్గదర్శి చేయు పని యేమి? ఈ ఆలివుకాయ ఏ సీమది, ఈ జున్ను ఏ లోయలోని పాలతో చేసినది, ఈ ద్రాక్ష ఏ కొండవాలున పండినది యని నిలిచినచోట నెల్ల చెప్పును. విన్నవాడు ఆ పేరును జ్ఞాపకముంచుకొని, తన దేశమునకు పోయిన తర్వాతను అదే పేరు నడిగి కొనును. ఆ పేరు పరులపాలు గాకుండ చట్టమును వారికి తోడున్నది. 'ప్రొసెక్కో' అను నురుగు సారాయపు పేరును 2009లో ఒక హద్దుగల ప్రాంతమునకే చెందునట్లు నిర్ణయించి, అంతవఱకు అదే పేర పిలువబడుచుండిన ద్రాక్షజాతిని 'గ్లేరా' అని వ్యవహరింప నారంభించిరి. పేరు మొక్కదిగా నుండిన నెవరైనను నాటుకొందురు. నేలదిగా నుండిన నా నేలవారికే దక్కును. మఱియు, ద్రాక్షరైతులు సహకారసంఘములుగా గూడి తమ పంటను తామే సారాయముగ మార్చి యమ్ముట ఆ దేశమున విరివిగా నున్నది. నేడు ఇటలీలో చేరియున్న తెర్లానో గ్రామమున ఇరువదినలుగురు రైతులు 1893లో నెలకొల్పిన సంఘము ఇప్పటికిని పనిచేయుచున్నది.

ఇక మన సంగతి. ఆకలిని తెఱచు విద్య మనకు తెలియనిదా? ఉగాదినాడు వేపపువ్వు నోటబెట్టి సంవత్సరమునే చేదుతో నారంభించు జాతి మనది. శొంఠియు కఱివేపాకును వేసిన మజ్జిగ, అల్లపు రసము, మిరియపుచారు, ఉప్పు వేసిన నిమ్మసోడా, సుగంధిపాలు—ఇవి యన్నియు ఆ కోవకు చెందినవే. గోలీసోడా బుడ్డి 1872లో హైరాం కాడ్ అను ఆంగ్లేయుడు పొందిన పేటెంటు. అయినను దాని టప్పుమను చప్పుడు వినని తెలుగు సంత యుండెనా? సాయంకాలమున నరసరావుపేట బండ్లయొద్ద మిరపకాయబజ్జీ, పునుగులు, ముంతమసాలా, ఉడికించిన వేరుసెనగకాయలు, కాల్చిన మొక్కజొన్న కంకులు. వేసవిని తాటిముంజెలు, చలికాలమున తేగలు. ఇటలీవాని పళ్ళెమునకు ఇవి యే విధమున తీసిపోవునో మాకు కనబడదు.

తీసిపోవునది ఒక్కటే. బజ్జీబండి ముందు నిలిచినవాడు అందులోని కారము ఏ యూరిదని యడుగడు. అడిగినను చెప్పగలవాడు లేడు. బజ్జీకి వాడు లావు కాయ వేఱు జాతి, పల్నాటి ఎండుమిరప వేఱు జాతి యని పట్టణవాసులలో నెందఱెఱుగుదురు? మన కాయ పొడియై, వాముతోను చింతపండుతోను గూడి ఆ బజ్జీ కడుపులో దాగియుండును. గుంటూరు సన్నము భౌగోళిక గుర్తింపు పొందిన పేరు. గుంటూరు మిరపయార్డు ఆసియాలోనే పెద్దవానిలో ఒకటి. ఇంత కీర్తి యున్నను, పండించిన గ్రామము పేరు తినువాని చెవిని పడుటలేదు. పేరులేని సరకునకు ధర నిర్ణయించువాడు ఎప్పుడును కొనువాడే.

కావున మన ప్రాంతమునను ఇట్టి సాయంకాలపు నడక యొకటి ఏర్పఱుపదగునని మేము సూచించుచున్నాము. అది అంగటినుండి గాక కల్లమునుండి మొదలు కావలయును. సంక్రాంతి దాటినది మొదలు వేసవి వచ్చువఱకు మన గ్రామముల వెలుపల మిరపకల్లములు ఎఱ్ఱని తివాచీలవలె పఱచియుండును. ప్రొద్దు వాలువేళ అతిథులను అచ్చటికి తీసికొనిపోయి, కోత యెట్లు జరుగునో, స్త్రీలు కూర్చుండి తాలుకాయ నెట్లు ఏఱుదురో, మంచు పడు రాత్రులందు కాయను కప్పుట యెందులకో, తడి మిగిలిన కాయ ఎట్లు చెడునో కన్నులార చూపవలయును. పిమ్మట జవహరు కాలువ ప్రక్కగా నడపించి, 1967లో సాగరుజలములు వచ్చిన తర్వాత ఈ మెట్టసీమ యెట్లు మాఱినదో వివరింపవలయును. కడపట ఊరిలోని బండ్లయొద్ద నిలిచి, ఇంతకుముందు కల్లమున చూచిన కాయనే నాలుకపై గుర్తుపట్టుమనవలయును. మిరప మన దేశమున పుట్టినది గాదు; పోర్చుగీసువారి మూలమున పదునాఱవ శతాబ్దమున అమెరికా ఖండమునుండి వచ్చినది. అట్టిదానిని మన తాతలు తమ నేలకు అలవాటుచేసి తమదిగా చేసికొనిన చరిత్ర చెప్పినచో వినువారికి విసుగు పుట్టదు.

ఇచ్చట ఒక ముఖ్యవిషయమును దాచక చెప్పవలయును. ఇటలీవారి నడకలో మద్యమున్నది. మన నడకలో నుండరాదు. కొందఱు దీనిని ఛాందసమందురు. భోజనముతోపాటు చిన్న గ్లాసుతో నాగు అలవాటు ఒక జాతికి సాగినంతమాత్రమున మన కుటుంబములకును సాగునని నమ్ముటకు మన యనుభవ మొప్పుకొనదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో పేదస్త్రీలు సారాకు ఎదురు నిలిచినది వినోదమునకు గాదు. దినకూలి ఇంటికి చేరకుండుటచేత. వారి యుద్యమ ఫలముగ 1995 జనవరిలో రాష్ట్రమంతట వచ్చిన మద్యనిషేధము 1997లో సడలినను, ఆ స్త్రీలు చెప్పిన మాట సడలలేదు. సంఘము పేర ఒక గ్లాసు నెత్తినచో, రేపు ఏ సభ్యుని ఇల్లాలికి మనము మొగము చూపగలము?

మద్యములేనిదే చేదు రుచింపదందురా? ఇటలీవారే దానికి ప్రత్యుత్తరము. అచ్చట 1960ల దశకము నుండి 'క్రొదీనో' యను మద్యరహితమైన చేదుపానీయము సీసాలలో అమ్ముడుపోవుచున్నది. 'కినోత్తో' యను చేదునారింజతో చేసిన సోడా యింకను ప్రసిద్ధము. ఆకలిని తెఱచునది చేదు గాని మత్తు గాదు.

అట్లని గీతకార్మిక సోదరులను మఱవరాదు. సూర్యోదయమునకు ముందు దింపిన నీరా తియ్యనిది, మత్తులేనిది. ఎండ తగిలినకొలది పులియును. హైదరాబాదున హుస్సేనుసాగరపు గట్టున 2023లో తెలంగాణ ప్రభుత్వము నీరాకు ఒక ఫలహారశాలనే తెఱపించినది. దింపిన వెంటనే చల్లపఱచు సాధన మున్నచో నీరాయు మన నడకలో చేరవచ్చును. లేనిచో సాయంకాలమునకు చేర్చరాదు. మన యూరిపేర 'కల్లు' ఉన్నదని పరిహసించువారికి ఓరుగల్లు పేరునందలి కల్లు శిలయే యని చెప్పుదము. మన అతిథులు వచ్చునది కల్లునకు గాదు, కల్లమునకని యును చెప్పుదము.

ఆక్షేపణలు లేకపోవు. 2021-22లో నల్లతామరపురుగు మిరపచేలను నాశనముచేసి రైతును అప్పులలో ముంచినది. అట్టివానికి ఈ నడకలు గంజి పోయునా యని యడుగుదురు. పోయవు. పురుగునకు మందు, పంటకు బీమా, సరకునకు శీతలగిడ్డంగి, బాకీకి గడువు—ఇవి వేఱుగా సాధింపవలసినవి. పదిమంది అతిథుల రాకచే యార్డులోని ధర ఒక్క రూపాయయు పెరుగదు. కాని టిక్కీలుగా మాత్రమే అమ్మగల రైతు, తన కారమును చిన్న పొట్లముగా, తన గ్రామముపేర, తిను వాని చేతికే అమ్ముట యెట్లో నేర్చుకొనుటకు ఇంతకంటె తక్కువ పెట్టుబడిగల బడి మఱియొకటి లేదు.

మఱియొక భయము న్యాయమైనది. అతిథులు మితిమీఱిన ఊరు ఊరివారిది కాకుండ పోవును. వెనీసు నగరము ఆ తాకిడి కోర్వలేక, 2024 నుండి రద్దీ దినములలో ఒక్కపూట చూచిపోవువారికి ప్రవేశరుసుము విధించినది. మనకు అంతటి గుంపు రాదు. అయినను మొదటినుండియే మితము పాటించుట మేలు. కొన్ని నియమములను మేము సభ్యుల విమర్శకు పెట్టుచున్నాము. ఒక్క నడకకు పండ్రెండుగురకు మించరాదు. వసూలైన రుసుములో కల్లపు రైతునకు, తాలు ఏఱు స్త్రీలకు, బండివానికి వాటా ముందే నిర్ణయమై, ఆ రాత్రియే చెల్లవలయును. మాఱి మాఱి కాగిన నూనె వాడిన బండియొద్ద నిలువరాదు. త్రాగునీరు శుభ్రముగా నుండవలయును. పనిచేయుచున్న కూలివారిని వారి యనుమతి లేక ఛాయాచిత్రములు తీయరాదు. కల్లమున మాటలాడువాడు పట్టణమునుండి వచ్చిన వక్త గాక, ఆ కాయను పండించిన రైతే కావలయును.

కడపటి నియమమే మాకు ముఖ్యము. హైదరాబాదు చార్మినారు పరిసరములలో ఆహారపు నడకలు నడుపువా రిప్పటికే కలరు. రేపు మన పొలములకును ఎవరో వత్తురు. మన కల్లమును చూపి, మన కథను చెప్పి, రుసుమును తాము పుచ్చుకొందురు. దళారి సరకునకే గాదు, కథకును పుట్టగలడు. సరకు విషయమున సహకారము ఆలస్యముగా వచ్చినదని మన పెద్దలు విచారించుచుండిరి. కథ విషయమున నైనను సంఘము ముందుగా మేల్కొనవలయును. కోటప్పకొండ తిరునాళ్ళకును, నాగార్జునకొండకును వచ్చు యాత్రికులు మన త్రోవలవెంట సాగిపోవుచునే యున్నారు. సంక్రాంతికి దూరదేశములనుండి మన బిడ్డలే ఇండ్లకు వచ్చుచున్నారు. మొదటి నడక వారితోనే జరుపవచ్చును. వచ్చు మిరపకోతలకు ముందు జరుగు సర్వసభ్యసమావేశమున సభ్యులు ఈ సూచనను తర్కించి, తమకు తోచిన లోపములను నిర్మొగమాటముగ తెలుపుదురుగాక.