పాదమునకు పేరేది?

ఇలోకానో, సెబువానోలు తగలోగు భాషకు మాండలికములు మాత్రమేయని చెప్పువారు ఫిలిప్పీన్సు ద్వీపములలో నేటికిని కలరు. వారొక్కపరి తమ పాదముల వంక చూచుకొందురు గాక. తగలోగులో 'పఆ' యన్నచో పాదము. సెబువానోలో ఆ మాటకే తొడ యని యర్థము, పాదమునకు 'తియిల్' అని పేరు. ఇలోకానోలో పాదము 'సకా'. సెబువానోలో 'సకా' యన పైకెక్కుట! పరుగును ఉత్తర లూజాను 'తరాయ్' అనును, సెబు ద్వీపము 'దాగన్' అనును, మనీలా 'తక్బో' అనును. చెప్పులు లేని నడకకు ఇలోకానోలు పాదమను మాటనే రెండుమార్లు పలికి 'సకాసకా' యందురు. ఎంత ముచ్చటైన పలుకుబడి!

పోలికలు లేవా? కలవు. త్రోవకు ఈ రెండు భాషలలోను 'దాలన్' అనియే పేరు. అది తోబుట్టువుల పోలిక గాని దాస్యమునకు గుర్తు కాదు. కాలు అను మాట తెలుగు, తమిళ, కన్నడములకు ఉమ్మడి సొత్తు. అంతమాత్రమున తెలుగు ఎవరి మాండలికమైనది?

ఇది వట్టి పదవివాదము కాదు. 1937లో తగలోగు జాతీయభాషకు ఆధారముగా ప్రకటింపబడినది. ప్రాంతీయ భాషలు ఆయా సీమలలో సహాయక అధికారభాషలని 1987 రాజ్యాంగము ఒప్పుకొన్నది. 2012 నుండి తొలి తరగతులు మాతృభాషలలో నడచినవి. 2024 అక్టోబరునాటి చట్టము ఆ నియమమును రద్దుచేసి, పిల్లలందరు ఒక్క భాష వారైన తరగతులకు మాత్రము దానిని ఐచ్ఛికముగా విడిచి, బోధనను మరల ఫిలిపినో, ఇంగ్లీషులకు అప్పగించినది. తగలోగే ఆ ఫిలిపినోకు పునాది. 'పఆ' చూపుమని గురువడిగినపుడు సెబువానో పిల్లవాడు తొడను చూపును. తప్పు వాని పేరనే వ్రాయుదురు.