రొద పోవాలి, ఎర్తు ఉండాలి

కొన్నేళ్ల క్రితం ఒక పాఠశాల వార్షికోత్సవంలో నేను కళ్లారా చూచిన సంగతి ఇది. వేదికపై యాంప్లిఫయరు, హాలు వెనుక గోడ వద్ద వేరొక ప్లగ్గులో ల్యాప్‌టాప్. పాటల కోసం రెండింటినీ పొడవాటి ఆడియో కేబులుతో కలిపారు. కలిపిన మరుక్షణం స్పీకర్లలో తుమ్మెద దూరినట్లు ఒకటే రొద. మైకుసెట్టు నిర్వాహకుడు యాంప్లిఫయరు త్రీపిన్ ప్లగ్గు విప్పి, అందులోని ఎర్తు తీగను ఊడదీసి, మళ్లీ బిగించాడు. రొద ఆగింది. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

పాటలు ముగిశాక ల్యాప్‌టాప్‌ను తీసివేశారు. ఆ తరువాత పద్యం చదవడానికి వచ్చిన బాలిక, మైకు పెదవులకు తగలగానే ఉలిక్కిపడి వెనక్కు జరిగింది. "జిల్లుమంది అయ్యవారూ" అన్నది. జిల్లుమనడంతోనే పోయింది, అదృష్టం. ఆనాటి నా చప్పట్లకు నేటికీ సిగ్గుపడుతున్నాను.

ఈ ప్రమాదానికి మూలం ఒక మాటలో ఉన్నదని నా అభిప్రాయం. ఎర్తు, గ్రౌండు అనే మాటలను మనం నానార్థాలుగా వాడుతున్నాము. వాటికి ఒక అర్థం ప్రాణరక్షణ. యాంప్లిఫయరు లోహపు డబ్బాను భూమితో కలిపే తీగ ఇది. లోపల ఫేజు తీగ ఊడి డబ్బాకు తగిలితే, విద్యుత్తు ఈ దారిన అధికంగా ప్రవహించి ఫ్యూజు పోతుంది, లేదా ఎం.సి.బి. పడిపోతుంది. ఈ తీగ లేకుంటే డబ్బా 230 వోల్టులతో మౌనంగా కాచుకొని ఉంటుంది. ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగిలినవాటికంటె పొడవుగా ఉండడం ఇందుకే. అది అందరికంటె ముందు తగలాలి, అందరికంటె చివర వదలాలి.

రెండవ అర్థం ధ్వని సంకేతం తిరిగివచ్చే దారి. ఆడియో కేబులులో లోపలి తీగను చుట్టియున్న లోహపు తొడుగు ఆ పని చేస్తుంది. రొద పుట్టేది ఈ రెండూ కలిసినచోట. వేదిక ప్లగ్గు ఎర్తుకూ, వెనుక గోడ ప్లగ్గు ఎర్తుకూ మధ్య స్వల్పమైన వోల్టేజి భేదం ఉంటుంది. కేబులు తొడుగు ఆ రెండింటినీ కలపగానే ఒక వలయం ఏర్పడుతుంది. దానినే గ్రౌండ్ లూప్ అంటారు. ఆ వలయంలో సెకనుకు 50 ఆవర్తనాల విద్యుత్తు తిరిగి, పాటతో కలిసి, స్పీకరులో రొదగా వినిపిస్తుంది.

ఎర్తు ఊడదీస్తే వలయం తెగుతుంది, నిజమే. కానీ ఆనాడు ఆ యాంప్లిఫయరుకు మిగిలిన ఏకైక రక్షణ, ల్యాప్‌టాప్ నుండి వచ్చే ఆ సన్నని కేబులు తొడుగే. దానిని కూడా తీసివేసిన తరువాత మైకు పట్టుకొన్నది ఒక పసిపిల్ల.

తెగవలసినది ధ్వని దారిలోని వలయమే గాని, రక్షణ దారి కాదు. అందుకు మార్గాలు కలవు. మొదట ల్యాప్‌టాప్ చార్జరును తీసి బ్యాటరీతో నడిపి చూడండి. రొద ఆగితే దోషం వలయానిదే. యాంప్లిఫయరునూ, ల్యాప్‌టాప్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించండి. అనేక సందర్భాలలో అంతటితోనే రొద తగ్గుతుంది. తగ్గకుంటే ఆడియో కేబులు మధ్య ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టించండి. అది ధ్వనిని అయస్కాంత మార్గాన దాటిస్తుంది, రెండు పరికరాల నడుమ లోహబంధం మాత్రం ఉండదు. దూరం ఎక్కువైతే బ్యాలెన్స్‌డ్ కేబులు శ్రేష్ఠం. ఆడియో కేబులు తీసినా రొద వినిపిస్తే, లోపం యాంప్లిఫయరు లోపల ఉండవచ్చును. అది మరమ్మతుకు పోవలసిందే.

స్వయంగా యాంప్లిఫయర్లు కట్టే యువకులకు ఒక మనవి. ఎర్తు తీగను లోహపు డబ్బాకు నేరుగా, గట్టిగా బిగించండి. సంకేతపు గ్రౌండు తీగలన్నింటినీ ఒక్క బిందువు వద్ద కలపండి. రొద వచ్చినా మొదటి బిగింపు జోలికి పోకండి.

"ఆర్.సి.సి.బి. ఉన్నది కదా" అని కొందరు అంటారు. 30 మిల్లీఆంపియర్ల తేడాకే తెగే ఆ సాధనం ప్రతి పాఠశాలలోనూ ఉండదగినదే. అయితే అది ఎర్తుకు తోడు, బదులు కాదు.

ఈసారి ఉత్సవానికి మైకుసెట్టు మాట్లాడుకొనేటప్పుడు, అద్దె ఎంత అని అడిగే ముందు, ప్లగ్గులో మూడవ తీగ ఉన్నదా అని అడగండి. రొద వస్తే సభ కొంచెం ఆగుతుంది, ఆగనివ్వండి. కొంత రొద మధ్య చదివినా పద్యం పద్యమే. చదివే బిడ్డ క్షేమంగా ఇంటికి పోవడం ముఖ్యం.