సముద్రపు ఒడ్డున ఒక దినము



మన సంఘాలలో ఈమధ్య ఒక మాట తరచుగా వినబడుతున్నది. “మా అబ్బాయి స్కాట్లాండులో చదువుతున్నాడండి” అని ఒకరు, “అమ్మాయి పురుడుకు మేమిద్దరం వెళ్తున్నాం, ప్రార్థించండి” అని మరొకరు. పొలము, ఇల్లు తప్ప వేరెరుగని తల్లిదండ్రులు కూడా విమానమెక్కి డండీకో, గ్లాస్గోకో, ఎడిన్‌బరోకో చేరుకుంటున్నారు. అక్కడికి వెళ్ళాక పిల్లలు పనులకు పోతే, పెద్దలు కిటికీలోనుండి వాన చూస్తూ కూర్చుంటారు. సెలవు దినాన అమ్మానాన్నలకు ఏదైనా చూపించాలని పిల్లలకు ఆశ. వాళ్ళ కష్టార్జితం ఖర్చయిపోతుందేమోనని పెద్దలకు జంకు. అటువంటి కుటుంబాల కొరకే ఈ నెల మన పుట. పెద్ద ఖర్చు లేకుండా, ఒక్క దినములో వెళ్ళి రాదగిన సముద్రతీరపు ఊళ్ళను గూర్చి చెప్పుకుందాము.

ఎక్కడికి వెళ్ళాలి?

ఎడిన్‌బరోకు ఉత్తరాన, ఫోర్త్ అఖాతానికి ఆవలి ఒడ్డున ఫైఫ్ అనే ప్రాంతమున్నది. దాని తూర్పు కొసను ఈస్ట్ న్యూక్ అంటారు. న్యూక్ అంటే స్కాట్లాండు వారి మాటలో మూల. ఈ తూర్పు మూలలో ఈలీ, సెయింట్ మోనన్స్, పిట్టెన్‌వీమ్, ఆన్‌స్ట్రదర్, క్రెయిల్ అనే చిన్న రేవు ఊళ్ళు వరుసగా ఉన్నాయి. వాటికి పైన సెయింట్ ఆండ్రూస్ పట్టణము. పిట్టెన్‌వీమ్ నుండి ఆన్‌స్ట్రదర్‌కు ఒడ్డు వెంబడి నడిస్తే సుమారు మైలున్నర మాత్రమే. ఎర్ర పెంకుటిళ్ళు, రాతి గోడలు, రేవులో కట్టిన పడవలు, ఒడ్డున పేర్చిన పీతల బుట్టలు చూస్తే మన పెద్దలకు కొత్త చోటని అనిపించదు.

ఎడిన్‌బరోలో రైలెక్కితే ఫోర్త్ వంతెన మీదుగా పోవచ్చు. 1890లో తెరచిన ఈ ఉక్కు వంతెన పొడవు సుమారు రెండున్నర కిలోమీటర్లు. 2015లో దీనిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. పిల్లలను కిటికీ ప్రక్కన కూర్చోబెట్టండి. 1969లో మూతపడిన లెవెన్ రైలు మార్గము 2024 జూన్‌లో తిరిగి ప్రారంభమైనది గనుక, ఇప్పుడు లెవెన్ వరకు రైలులో వెళ్ళి, అక్కడ బస్సు మారి తీరపు ఊళ్ళకు చేరవచ్చు. స్కాట్లాండులో నివసించే 22 ఏళ్ళ లోపు వారికి 2022 జనవరి నుండి బస్సు ప్రయాణము ఉచితము. 5 ఏళ్ళు నిండిన వారు దానికి ముందుగా కార్డు తీసుకోవాలి. చుట్టపుచూపుగా వెళ్ళిన వారికి ఇది వర్తించదు.

ఏమి చూడాలి?

ఒక్క దినములో అన్ని ఊళ్ళూ చూడాలని పరుగెత్తవద్దు. రెండు చాలును. పెద్దలు, పసివారు ఉంటే ఆన్‌స్ట్రదర్, సెయింట్ ఆండ్రూస్ ఎంచుకోండి. రెంటి మధ్య దూరము సుమారు 10 మైళ్ళు.

ఆన్‌స్ట్రదర్ రేవు ఎదుటనే స్కాటిష్ ఫిషరీస్ మ్యూజియం ఉన్నది. 1969లో స్థాపించారు. టిక్కెట్టు పెట్టి చూడదగిన చోటు ఏదైనా ఉన్నదంటే ఇదే. పడవలు, వలలు, బెస్తవారి ఇంటి సామాను అన్నీ అక్కడ ఉన్నాయి. అందులో స్త్రీలు తప్పక చూడవలసినది హెర్రింగ్ చేపల పని చేసిన ఆడపిల్లల కథ. వేసవి మొదలు చలికాలము వరకు చేపల గుంపులు ఉత్తరాన షెట్లాండు నుండి దక్షిణాన ఇంగ్లండులోని యార్మత్ దాకా సాగేవి. పడవలు వాటి వెంట పోతే, ఈ పిల్లలు ఒడ్డు వెంబడి రేవు రేవుకూ వెళ్ళేవారు. ముగ్గురేసి ఒక జట్టు. ఇద్దరు కత్తితో చేప కడుపు చీల్చి శుభ్రము చేస్తే, మూడవ పిల్ల పీపాలో ఉప్పు వేసి పేర్చేది. కత్తి తెగకుండా, ఉప్పు పుండ్లను మండించకుండా వ్రేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకునేవారు. ఇల్లు విడిచి పరదేశములో కష్టపడే బిడ్డలు గల తల్లి దీని ముందు కొంచెం సేపు నిలుచుంటుంది.

ఆ మ్యూజియంలోనే సముద్రములో ప్రాణాలు కోల్పోయిన స్కాట్లాండు జాలరుల జ్ఞాపకార్థము ఒక గది ఉన్నది. ఈ తీరములో అటువంటి దుఃఖము లేని రేవు అరుదు. ఫోర్త్ అఖాతానికి దక్షిణాన ఐమత్ అనే ఊరున్నది. 1881 అక్టోబరు 14న లేచిన గాలివానలో ఆ తీరమునకు చెందిన 189 మంది జాలరులు చనిపోయారు. వారిలో 129 మంది ఆ ఒక్క ఊరివారే. 1977 నవంబరు ఉప్పెన ఎరిగిన దివిసీమ వారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు వాతావరణము బాగుంటే ఆన్‌స్ట్రదర్ నుండి మే దీవికి పడవలు పోతాయి. 1636లో బొగ్గు మండించి స్కాట్లాండులో మొదటి దీపస్తంభము నిలిపినది అక్కడే. జూలై వరకు ఆ దీవిలో పఫిన్ పక్షులు వేల సంఖ్యలో ఉంటాయి. రంగుల ముక్కు, గునగున నడక చూచి పిల్లలు కేరింతలు కొడతారు. అయితే పడవ ఖర్చు ఎక్కువ, కుదుపు కూడా ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను ఒడ్డున బల్ల మీద కూర్చోబెట్టి వేడి టీ ఇప్పించడమే మేలు.

మధ్యాహ్నానికి ఇంటి నుండి పులిహోరో, చపాతీలో కట్టుకొని వెళ్ళండి. అయినా రేవు దగ్గర వేయించిన హాడక్ చేప, బంగాళదుంప ముక్కలు ఒక పొట్లమైనా కొని అందరూ పంచుకోండి. మనకు కారము చాలదు గాని చేప తాజాగా ఉంటుంది. సముద్రపు కాకులతో మాత్రము జాగ్రత్త. పసివాడి చేతిలోనిది రెప్పపాటులో తన్నుకుపోతాయి.

సెయింట్ ఆండ్రూస్‌లో 1413 నాటి విశ్వవిద్యాలయమున్నది. వీధిలో నడిచేటప్పుడు నేల మీది రాళ్ళు చూడండి. సెయింట్ సాల్వేటర్ చాపెల్ ద్వారము ముందు పి, హెచ్ అనే రెండు అక్షరాలు రాళ్ళలో పొదిగి ఉంటాయి. 1528లో సంస్కరణ బోధ నిమిత్తము ప్యాట్రిక్ హామిల్టన్ అనే యువకుణ్ణి సజీవముగా కాల్చినది ఆ స్థలములోనే. విద్యార్థులు ఆ అక్షరాల మీద కాలు మోపరు. 1546లో జార్జి విషార్ట్‌ను కాల్చిన చోటు సముద్రపు ఒడ్డున కోట ముందున్నది. చూచుటకు డబ్బు అక్కరలేదు.

అక్కడికి కొద్ది దూరములో వెస్ట్ సాండ్స్ అనే విశాలమైన ఇసుక తీరము. 1981లో వచ్చిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ చిత్రములో పరుగు దృశ్యము తీసినది ఇక్కడే. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పందెము ఆదివారము పడినందున దానిని వదులుకొని, 400 మీటర్లలో బంగారు పతకము గెలిచిన ఎరిక్ లిడెల్ కథ అది. ఆయన తరువాత మిషనరీగా చైనా వెళ్ళి, 1945లో అక్కడి నిర్బంధ శిబిరములోనే మరణించారు. ఆ ఇసుక ప్రక్కనే లోక ప్రసిద్ధి చెందిన ఓల్డ్ కోర్స్ అనే గోల్ఫ్ మైదానమున్నది. సాధారణముగా ఆదివారము అక్కడ ఆట ఉండదు. ఆ దినము ఎవరైనా కుటుంబముతో ఆ పచ్చికపై నడవవచ్చు.

మరువరాని జాగ్రత్తలు

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండులోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతము వద్ద మన తెలుగు విద్యార్థులు ఇద్దరు నీటిలో మునిగి చనిపోయారు. స్నేహితులతో సరదాగా వెళ్ళిన పిల్లలు. సముద్రమైనా నదియైనా అక్కడి నీరు మన నీరు కాదు. ఆగస్టులో కూడా ఈ తీరములో సముద్రపు నీరు 15 డిగ్రీలు దాటడము అరుదు. అంత చల్లని నీటిలో హఠాత్తుగా పడితే ఊపిరి తనంతట తానే ఎగబీలుతుంది, నోటిలోకి నీరు పోతుంది. కాలువలో, చెరువులో ఈత నేర్చినవాడు కూడా మొదటి నిమిషములోనే తల్లడిల్లిపోతాడు. అటువంటప్పుడు చేతులు కాళ్ళు కొట్టుకొనక, తల వెనుకకు వాల్చి, చెవులు నీటిలో మునిగేలా వెల్లకిల తేలి, ఊపిరి నిలకడ పడేవరకు ఆగాలని అక్కడి రక్షకులు నేర్పిస్తారు. ఒడ్డున ఉన్నవారు నీటిలోకి దూకరాదు. 999కు ఫోను చేసి “కోస్ట్‌గార్డ్” అని అడగాలి.

రెండవది, ఆటుపోట్లు. అక్కడ సముద్రము వెనుకకు పోయినప్పుడు రాళ్ళు, ఇసుక చాలా దూరము బయటపడతాయి. ఆరు గంటలలో అదంతా మరల నీరే. ఈలీ దగ్గర కొండ అంచున గొలుసులు పట్టుకొని ప్రాకే దారి ఒకటున్నది. యౌవనులు దానికి ఉవ్విళ్ళూరుతారు. పోటు వేళ తెలియక చిక్కుకున్నవారిని పడవల మీద వెళ్ళి రక్షించవలసి వచ్చినది. ఆ దినపు పోటు వేళలు ముందుగా చూచుకొనకుండా అటు పోవద్దు. వృద్ధులు, పసివారు అసలే పోవద్దు.

మూడవది, బట్టలు. వేసవియైనా తీరములో గాలి కోస్తుంది. ఎండ కాస్తుండగానే సముద్రము మీదనుండి హార్ అనే పొగమంచు కమ్ముకొని వస్తుంది. స్వెట్టరు, మేజోళ్ళు, మంకీ క్యాప్ సంచిలో ఉండాలి. తడిసిన రాళ్ళ మీద చెప్పులు జారుతాయి గనుక బూట్లు వేసుకోండి. జూన్‌లో పదిహేడు గంటలకు పైగా వెలుతురుంటుంది. డిసెంబరులో ఏడు గంటలే. చలికాలములో మధ్యాహ్నము మూడు దాటకముందే తిరుగు ప్రయాణము పెట్టుకోండి.

వెళ్ళినవారి కొరకు ఇంత వ్రాశాము. మీ బిడ్డ ఆ దేశములో ఒంటరిగా చదువుకొనుచున్నట్లయితే ఈ వారము ఫోనులో మార్కులు, జీతము సంగతులతో పాటు దీనిని కూడా అడగండి: “నాయనా, సెలవు దినాన ఎక్కడికి వెళ్తున్నావు? నీటి దగ్గరకైతే ఎవరితో?” విసుక్కున్నా అడగండి. ఆ 999 అనే అంకెను, వెల్లకిల తేలమన్న మాటను వానిచేత ఒకసారి తిరిగి చెప్పించుకోండి.