రైలు దిగిన తరువాత

ప్రయాణమనగానే మనకు స్ఫురించేవి రెండు చోట్లు: బయలుదేరిన చోటు, చేరవలసిన చోటు. ఈ రెండింటి నడుమ మూడవ చోటు కూడా ఉన్నది. అది ఒక వాహనం దిగి మరొక వాహనం ఎక్కే చోటు. ప్రయాణంలోని శ్రమ, ఆందోళన, అనవసరమైన ఖర్చు చాలావరకు అక్కడే పుడతాయి. రైలు వేగంగా నడుస్తుంది. విమానం అంతకంటె వేగంగా ఎగురుతుంది. కాని రైలు దిగిన మనిషి సకాలంలో విమానాన్ని అందుకోలేకపోతే ఆ రెండు వేగాలూ అతనికి నిష్ప్రయోజనాలే. కనుక ఒక నగరపు రైల్వే స్టేషను ఆధునికమైనదని చెప్పడానికి దాని గోడల మెరుగు చాలదు. తన వద్ద దిగిన ప్రయాణికుణ్ణి తరువాతి వాహనానికి అది ఎంత సులువుగా అప్పగించగలదన్నదే అసలైన కొలమానం.

ఈ విషయం చిత్తూరు జిల్లాలోని వెంకటగిరికోట వంటి ఊళ్ళకు బాగా అనుభవైకవేద్యం. వి.కోటగా అందరికీ తెలిసిన ఈ ఊరు ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలు ఒరసుకొనే ప్రాంతంలో ఉన్నది. సంతలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపిస్తాయి. ఇక్కడ పండిన టమోటాలు, ఇతర కూరగాయలు పొరుగు రాష్ట్రాల అంగళ్ళకు తరలిపోతాయి. అయితే ఊరికి రైలుమార్గం లేదు. రైలు కావాలంటే దక్షిణాన కుప్పానికో, పడమట కోలారు బంగారు గనుల పట్టణానికో, ఆపైన బంగారుపేటకో పోవాలి. జోలార్‌పేట నుండి బెంగుళూరు దండు ప్రాంతానికి 1864లో రైలుమార్గం ఏర్పడింది. కుప్పం, బంగారుపేట ఆ మార్గంలోనివే. చదువుకు, వైద్యానికి, వ్యాపారానికి ఈ ప్రాంతీయులకు బెంగుళూరే దగ్గర. విమానమెక్కవలసి వచ్చినప్పుడు కూడా చాలామంది చూపు పొరుగు రాష్ట్రపు రాజధాని వైపే మళ్ళుతుంది.

విమానయానం నేడు సంపన్నులకే పరిమితమైన విలాసం కాదు. గల్ఫు దేశాలకు కూలికి పోయేవారు, పై చదువులకు వెళ్ళే విద్యార్థులు, కాన్పు సమయంలో కూతురికి తోడుగా విదేశానికి పయనమయ్యే తల్లులు ఈ సరిహద్దు పల్లెలలోనూ ఉన్నారు. అటువంటి ఒక తల్లిని మనసులో ఊహించుకోవచ్చు. ఆమెకు అదే మొదటి విమాన ప్రయాణం. చేతిలో రెండు పెట్టెలు, ఒక సంచి. తెలుగు తప్ప మరొక లిపి చదవలేదు. కుప్పంలో రైలెక్కించినవారు ఊరికి తిరిగి వెళ్ళిపోయారు. బెంగుళూరులో దిగిన క్షణం నుండి విమానాశ్రయ ద్వారం వరకు ఆమె పడే పాట్లే ఆ నగర రవాణా వ్యవస్థకు నిజమైన పరీక్ష. దారి తప్పి ఒక గంట పోతే ఆమె కోల్పోయేది ఒక గంట మాత్రమే కాదు. నెలల తరబడి కూడబెట్టిన టిక్కెట్టు సొమ్ము కూడా పోతుంది.

ఈ సమస్య ఎలా పుట్టిందో గ్రహించాలి. రైల్వే స్టేషన్లు పుట్టిననాడు నగరాలు చిన్నవి. అందుచేత అవి ఊరి నడుమ నిలిచాయి. విమానాశ్రయాలకు విశాలమైన భూమి కావాలి, ఎత్తైన కట్టడాలు లేని పరిసరాలు కావాలి. కనుక అవి నానాటికీ ఊరి వెలుపలికి జరిగాయి. 2008 మార్చిలో హైదరాబాదు విమానాశ్రయం బేగంపేట నుండి శంషాబాదుకు మారింది. అదే ఏడాది మే నెలలో బెంగుళూరు విమానాశ్రయం నగరంలోని హెచ్.ఎ.ఎల్. ప్రాంగణం నుండి దేవనహళ్ళి సమీపానికి తరలింది. బెంగుళూరు ప్రధాన రైల్వే స్టేషనుకు, కొత్త విమానాశ్రయానికి మధ్య సుమారు 35 కిలోమీటర్ల దూరం ఏర్పడింది. రెండు నగరాలలోనూ విమానాశ్రయం ముందు సిద్ధమైనది. దానిని చేరే రైలుబాట విషయంలో మాత్రం ఆలోచన వెనుకబడింది.

ఈ లోటును తీర్చే ప్రయత్నాలు జరగలేదని అనడం న్యాయం కాదు. బెంగుళూరు నగర రవాణా సంస్థ వాయువజ్ర అనే బస్సులను వివిధ ప్రాంతాల నుండి విమానాశ్రయానికి నడుపుతున్నది. సామాన్లు పెట్టుకొనే వీలున్న ఈ బస్సులు ఎందరికో మేలు చేశాయి. ప్రధాన స్టేషను చెంతనే మెట్రో స్టేషను 2016లో ప్రారంభమైనది. 2021 జనవరిలో దేవనహళ్ళి రైలుమార్గం మీద విమానాశ్రయం పేరుతోనే ఒక చిన్న హాల్టు స్టేషను తెరిచారు. అక్కడ దిగినవారిని టెర్మినలుకు చేర్చడానికి బస్సు ఏర్పాటు కూడా చేశారు. అయితే అక్కడ ఆగే రైళ్ళు బహుకొద్ది. వాటి వేళలకూ విమానాల వేళలకూ పొంతన కుదరలేదు. ప్రయాణికులు ఆశించినంతగా రాలేదు.

2022 జూన్‌లో బయ్యప్పనహళ్ళి ప్రాంతంలో సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరిట ఒక కొత్త రైల్వే టెర్మినలు ప్రారంభమైనది. భవనమంతటికీ కేంద్రీకృత శీతల సదుపాయం గల టెర్మినళ్ళలో ఇది దేశంలో మొదటిది. సుమారు 314 కోట్ల రూపాయల వ్యయంతో, ఏడు ప్లాట్‌ఫారాలతో, విమానాశ్రయాన్ని తలపించే రూపంతో దానిని నిర్మించారు. చూపరులు ముగ్ధులయ్యారు. కాని అక్కడ దిగినవారికి తొలినాళ్ళలో ఎదురైన ప్రశ్న ఒక్కటే: ఇక్కడి నుండి ఎలా వెళ్ళాలి? మెట్రో స్టేషను నడకకు అందేటంత దగ్గరలో లేదు. బస్సులు చాలినన్ని లేవు. పైగా బయ్యప్పనహళ్ళి పేరుతోనే పాత రైల్వే స్టేషను వేరొకటి ఉన్నది. మెట్రోకు ఆనుకొని ఉన్నది ఆ పాతదే. ఈ తేడా తెలియని కొత్తవారు తికమకపడడంలో ఆశ్చర్యం లేదు. విమానాశ్రయాన్ని పోలిన స్టేషనును కట్టడం ఒక ఎత్తు. విమానాశ్రయానికి దారి చూపే స్టేషనును కట్టడం మరొక ఎత్తు.

దీనితో పోల్చదగిన చోట్లు రెండున్నాయి. ఢిల్లీలో 2011 ఫిబ్రవరిలో విమానాశ్రయ మెట్రో మార్గం మొదలైనది. న్యూఢిల్లీ రైల్వే స్టేషను ఎదుట మెట్రో ఎక్కినవారు రోడ్డుతో పని లేకుండానే విమానాశ్రయం చేరుతున్నారు. కొన్ని విమాన సంస్థల ప్రయాణికులు తమ పెట్టెలను నగరంలోని మెట్రో స్టేషనులోనే అప్పగించే ఏర్పాటు కూడా అక్కడ జరిగింది. చెన్నైలో 2016లో మెట్రో విమానాశ్రయాన్ని చేరింది. 2019 ఫిబ్రవరి నుండి సెంట్రల్ స్టేషను వద్ద ఎక్కి నేరుగా విమానాశ్రయంలో దిగే వీలు కలిగింది. అంతకుముందు నుండే విమానాశ్రయానికి ఎదురుగా తిరుశూలం లోకల్ రైలు స్టేషను ఉన్నది. దీనిలో ఒక విచిత్రం గమనించదగినది. వి.కోట వాసికి బెంగుళూరు దగ్గర, చెన్నై దూరం. అయినా కుప్పంలో రైలెక్కినవారికి, రైలు నుండి విమానానికి చేరే బాట చెన్నైలోనే తిన్ననిది. దూరాన్ని కిలోమీటర్లతో మాత్రమే కొలవరాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

అద్దె కార్లుండగా ఈ చింత ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. ఒక మీట నొక్కితే కారు గుమ్మం ముందు నిలుస్తుందన్నది వారి వాదం. ఆ సౌకర్యం నిజమే. కాని ఆ మీట నొక్కడానికి తగిన ఫోను, దానిని వాడే నేర్పు, చెల్లించే స్తోమత అందరికీ ఉండవు. కుప్పం నుండి బెంగుళూరుకు రైలులో పెట్టిన ఖర్చు కంటె నగరం దాటి విమానాశ్రయం చేరడానికి కారుకు పెట్టే ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. అందరూ కార్లే ఎక్కితే రోడ్డు ఇరుకై, కారెక్కినవాడు కూడా సమయానికి చేరలేడు. మరికొందరు విమానాశ్రయ హాల్టును ఉదాహరణగా చూపి, రైలు వేసినా జనం ఎక్కరని అంటారు. ఇది కారణాన్ని ఫలితంగా పొరబడడమే. రోజుకు ఏ కొద్దిసార్లో వచ్చే బండిని నమ్మి ఎవరూ విమానం టిక్కెట్టు కొనరు. తరచుగా, నిలకడగా నడిచే బండి మీదనే జనానికి నమ్మకం కుదురుతుంది. నమ్మకం కుదిరిన తరువాతనే రద్దీ పెరుగుతుంది.

మేలైన మార్గం కనుచూపు మేరలో లేకపోలేదు. కుప్పం వైపు నుండి వచ్చే పలు రైళ్ళు బెంగుళూరు నడిబొడ్డుకు చేరకముందే కృష్ణరాజపురంలో ఆగుతాయి. 2023లో అక్కడికి మెట్రో వచ్చింది. కృష్ణరాజపురం నుండి హెబ్బాళ మీదుగా విమానాశ్రయానికి వెళ్ళే మెట్రో మార్గం ఉన్న ప్రణాళికను కేంద్ర మంత్రివర్గం 2021 ఏప్రిల్‌లో ఆమోదించింది. ఆ మార్గం ఫలితాన్నిస్తే సరిహద్దు ప్రాంతపు ప్రయాణికుడు నగరం నడుమకు పోయి తిరిగి వెలుపలికి రానక్కరలేదు. అయితే అప్పుడు కూడా రైలు ప్లాట్‌ఫారానికీ మెట్రో ద్వారానికీ నడుమ ఉండే ఆ కొద్ది గజాలే కీలకమవుతాయి. ఆ నడకదారికి పైకప్పు ఉండాలి. పెట్టెలు లాగడానికి మెట్లు లేని వాలు బాట, వృద్ధులకు లిఫ్టు ఉండాలి. తరువాతి బండి వచ్చే వేళ రైలు దిగిన చోటనే కనిపించాలి. మూడు భాషలు కలిసే ఈ మార్గంలో ఏ లిపి రానివారికైనా తెలిసేలా విమానం బొమ్మ, బాణం గుర్తు ప్రతి మలుపులోనూ ఉండాలి. రైలుకు, మెట్రోకు, బస్సుకు వేరువేరు వరుసలలో నిలబడే అవస్థ తప్పాలి. దేశమంతటా చెల్లే ఉమ్మడి రవాణా కార్డును 2019లోనే ప్రవేశపెట్టారు. దానిని ఆచరణలో సామాన్యునికి అందించడమే మిగిలిన పని. ఇవేవీ వందల కోట్లు కోరే పనులు కావు. ప్రయాణికుని కష్టాన్ని ముందుగా ఊహించగల మనసు మాత్రం కావాలి.

ప్రయాణికునికి కూడా బాధ్యత ఉన్నది. ఏ స్టేషనులో దిగాలి, తరువాత ఏ వాహనం ఎక్కాలి అన్నది బయలుదేరక ముందే తెలుసుకోవాలి. విమానం వేళకు ఎన్నో గంటల ముందే నగరం చేరేలా చూసుకోవాలి. మోయగలిగినంత సామానే వెంట తీసుకొనిపోవాలి. అడ్డదారి చూపుతామనేవారిని కాక అధికారిక విచారణ కేంద్రాన్నే ఆశ్రయించాలి. ఊళ్ళలో చదువుకొన్న యువత ఈ దారులను నేర్చుకొని పెద్దలకు చెప్పడం ఉత్తమమైన సేవ. ఒక కాగితం మీద దిగవలసిన స్టేషను పేరు, ఎక్కవలసిన బస్సు సంఖ్య తెలుగులోనూ కన్నడంలోనూ రాసి ఇచ్చినా ఆ తల్లి ధైర్యంగా అడుగు వేయగలదు.

కొత్త టెర్మినలు ఏ మహనీయుని పేరు ధరించిందో ఆయన పూర్వికులు తెలుగునేలలోని మోక్షగుండానికి చెందినవారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, ఆ నగరాన్ని కాపాడే ప్రణాళికను రూపొందించిన ఇంజనీరు ఆయన. నీటి పనులలో ఆరితేరిన అటువంటి వారికి తెలిసిన సత్యం ఒకటున్నది. చెరువు ఎంత గొప్పదైనా కాలువ లేనిదే పొలం తడవదు. రాయలసీమ రైతుకు ఈ మాట ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. స్టేషను చెరువు వంటిది, దానిని తరువాతి వాహనంతో కలిపే బాట కాలువ వంటిది. చెరువులు కట్టిన ఘనత మన నగరాలకు దక్కింది. కాలువలు తవ్వి చిట్టచివరి మడికి, అంటే వి.కోట వంటి ఊరి నుండి పెట్టె చేతబట్టుకొని వచ్చిన ఆ మొదటిసారి ప్రయాణికురాలికి, ఫలం అందించినప్పుడే ఆ ఘనత సార్థకమవుతుంది.